పింగళి వెంకయ్య

పింగళి వెంకయ్య (ఆగష్టు 2, 1876 - జూలై 4, 1963) స్వాతంత్ర్య సమరయోధుడు, ఉపాధ్యాయుడు, వ్యవసాయ పరిశోధకుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. భారత జాతీయ పతాకానికి మూలమైన నమూనాను 1921లో బెజవాడలో గాంధీజీకి గీసి ఇచ్చిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య, డైమండ్ వెంకయ్య, జెండా వెంకయ్య అని ఆయనను నాలుగు పేర్లతో పిలిచేవారు. ఒక్కొక్క పేరు వెనుక కొన్నేళ్ళ కృషి ఉంది. వీటిలో పత్తికీ జెండాకూ సంబంధించిన కృషి చాలా వరకు నేటి సూర్యాపేట జిల్లా నడిగూడెంలో జరిగింది. కొన్ని పుస్తకాలలో ఆయన పుట్టిన సంవత్సరం 1878 అని కనిపిస్తుంది.

బాల్యము, సైనిక జీవితము

వెంకయ్య కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని భట్లపెనుమర్రు గ్రామంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకటరత్నమ్మ, హనుమంతరాయుడు. ఉన్నత పాఠశాల చదువు మచిలీపట్నం హిందూ హైస్కూలులో సాగింది. యవ్వనంలోనే సైన్యంలో చేరి, రెండవ బోయర్ యుద్ధ కాలంలో (1899-1902) దక్షిణాఫ్రికాకు వెళ్ళాడు. అదే యుద్ధంలో గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులతో క్షతగాత్రులను మోసే దళాన్ని నడిపాడు. వీరిద్దరి పరిచయం అక్కడే మొదలయింది. గాంధీజీ అప్పటికింకా మహాత్ముడు కాలేదు, న్యాయవాది మాత్రమే. ఆ పరిచయం అర్ధ శతాబ్దం పాటు నిలిచింది.

ఆంగ్లేయుల జెండాకు వందనం చేయవలసి వచ్చిన ప్రతిసారీ మనకంటూ ఒక జెండా లేదన్న సంగతి ఆయన మనసులో గుచ్చుకొనేదని జీవిత చరిత్రకారులు వ్రాశారు. సైనికుడికి జెండా అలంకారం కాదు. పొగలో, దుమ్ములో, దూరాన తనవాళ్ళెక్కడున్నారో చెప్పే గుర్తు అది. తరువాతి కాలంలో ఆయన జెండాల గురించి ఆలోచించిన తీరుకు ఈ సైనికానుభవమే పునాది అనుకోవచ్చు.

స్వదేశానికి తిరిగి వచ్చాక బళ్ళారిలోనూ మద్రాసులోనూ ప్లేగు ఇన్‌స్పెక్టరుగా, కొంతకాలం రైల్వే గార్డుగా పనిచేశాడు. తరువాత లాహోరు వెళ్ళి ఆంగ్లో వేదిక్ కళాశాలలో చేరి ఉర్దూ, జపాను భాషలు నేర్చుకున్నాడు. 1913లో బాపట్లలో జపాను భాషలో ప్రసంగించి సభికులను ఆశ్చర్యపరిచాడు. జపాన్ వెంకయ్య అన్న పేరు ఆనాటిది. ఒక ఉద్యోగంలో స్థిరపడే స్వభావం ఆయనది కాదు. తెలియని విషయం కనిపిస్తే దాని అంతు చూసేదాకా వదలని స్వభావం. ఇది ఆయనకు పేరు తెచ్చిందేగాని డబ్బు తేలేదు.

నడిగూడెంలో

నడిగూడెం మునగాల పరగణా జమీందారుల నివాస గ్రామం. మునగాల పరగణా భౌగోళికంగా విచిత్రమైనది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ద్వీపంలాగా మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందిన ఈ ప్రాంతం ఉండేది. తరువాత ఇది నల్గొండ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగమయింది. ఒక వైపు కోదాడ మీదుగా బెజవాడ, మరొక వైపు సూర్యాపేట మీదుగా హైదరాబాదు ఉండటం వలన రెండు వైపుల తెలుగువారి రాకపోకలకూ ఈ చిన్న ఊరు కూడలి అయింది.

ఆనాటి జమీందారు రాజా నాయని వెంకట రంగారావు బహదూరు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనకు అండగా నిలిచినవాడు. ఆయన దివాను కొమర్రాజు వేంకట లక్ష్మణరావు తెలుగులో విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి ఆద్యుడు. ఒక పరగణా కచేరీలో శిస్తు లెక్కలతో పాటు విజ్ఞాన సర్వస్వం గురించి మాటలు నడిచాయంటే ఆ వాతావరణం ఎటువంటిదో ఊహించవచ్చు. అదే జమీందారీలో 1930వ దశకంలో వెట్టికీ అక్రమ వసూళ్ళకూ వ్యతిరేకంగా పెద్ద రైతు ఉద్యమం లేచింది. గ్రంథాలయాలకు ఇచ్చిన చేయి రైతుల విషయంలో అంత ఉదారంగా లేదన్న మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

రాజావారి ఆహ్వానం మీద వెంకయ్య నడిగూడెం వచ్చి అక్కడే నివసిస్తూ పత్తి పంట మీద ప్రయోగాలు చేశాడు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో మద్రాసు రాష్ట్రంలోకి కంబోడియా పత్తి ప్రవేశించింది. దీని పింజ నాటు రకాల కంటె పొడవు. వెంకయ్య విదేశాల విత్తనాలు తెప్పించి, స్థానిక నేలలో వేసి, మేలు రకాలను ఏరుతూ వచ్చాడు. పత్తి వెంకయ్య అన్న పేరు ఇలా వచ్చింది. విత్తనాల ఎంపికలో ఓపిక ముఖ్యం. వంద మొక్కలలో ఒకటి రెండు పనికివస్తాయి, మిగిలినవి పీకివేయాలి. మరుసటి యేడు మళ్ళీ మొదలు. ఆయన జెండా నమూనాల పని కూడా ఇదే పద్ధతిలో సాగినట్లు తోస్తుంది.

నడిగూడెంలో ఉన్న కాలంలోనే ఆయన ఇతర దేశాల జెండాలను సేకరించి పరిశీలించడం సాగించాడు. రాజావారి కోటలోనే జాతీయ పతాకం పుట్టిందని ఆ ప్రాంతం వారు గర్వంగా చెప్పుకుంటారు. దీనిని సరిగా అర్థం చేసుకోవాలి. గాంధీజీ చేతికి అందిన నమూనా బెజవాడలో తయారయింది. దానికి ముందు జరిగిన సంవత్సరాల అధ్యయనంలో మాత్రం నడిగూడేనికి పెద్ద వాటా ఉంది. ఈ రెండు సంగతులకూ వైరుధ్యం లేదు.

జెండాల అధ్యయనము

1906లో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన జరిగిన కలకత్తా కాంగ్రెసుకు వెంకయ్య హాజరయ్యాడు. ఆ సంవత్సరమే ఆగష్టు 7న కలకత్తాలోని పార్సీ బాగాన్‌లో ఒక జాతీయ జెండా ఎగురవేశారు. దానిలో మూడు పట్టీలు, ఎనిమిది తామరలు, సూర్యుడు, నెలవంక, మధ్యలో వందేమాతరం అన్న అక్షరాలు ఉండేవి. మరుసటి సంవత్సరం మేడం కామా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో దాదాపు అటువంటిదే మరొకటి ఎగురవేసింది. 1917లో హోంరూలు ఉద్యమం వారి జెండా వచ్చింది. అయిదు ఎర్ర పట్టీలు, నాలుగు పచ్చ పట్టీలు, సప్తర్షి మండలాన్ని సూచించే ఏడు నక్షత్రాలు, నెలవంక, వీటికి తోడు ఒక మూల ఆంగ్లేయుల జెండా. ఇవన్నీ దేశభక్తితో పుట్టినవే. అయినా జనం గుండెలలో నిలవలేదు. ఆంగ్లేయుల జెండా ఉండటం వలన హోంరూలు జెండా చాలామందికి నచ్చలేదు. తక్కినవాటిలో చెప్పదలచుకున్నవి మరీ ఎక్కువ. చెప్పవలసినదంతా ఒకే గుడ్డ మీద చెప్పాలనుకుంటే అది జెండా కాదు, పటం అవుతుంది.

1916లో వెంకయ్య భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలంటూ ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులో ఇతర దేశాల జెండాల వివరాలతో పాటు మన దేశానికి పనికివచ్చే సుమారు 30 నమూనాలు ఉన్నాయి. తన ఇష్టమైన ఒక్క నమూనాను పట్టుకొని వాదించకుండా, ముందు ఉన్నవాటిని పరిశీలించి, పలు ప్రత్యామ్నాయాలను పక్కపక్కన పెట్టి చూపడం ఇందులోని విశేషం. ఈనాడు రూపకల్పన నేర్పే కళాశాలలలో విద్యార్థులకు మొదట చెప్పే పని ఇదే.

ఆ కాలంలో ఆయన మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడుగా కూడా పనిచేశాడు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో నెలకొల్పిన సంస్థ అది. వ్యవసాయం, చరిత్ర బోధించడంతో పాటు విద్యార్థులకు వ్యాయామం, గుర్రపు స్వారీ, సైనిక శిక్షణ ఇచ్చేవాడు.

పుస్తకం చేత బట్టుకొని ఆయన ప్రతి కాంగ్రెసు సభకూ వెళ్ళేవాడు, నాయకులకు చూపేవాడు. నాలుగేళ్ళు ఇలా తిరిగాడు. గాంధీజీ ఆయన పట్టుదలను మెచ్చుకున్నాడే గాని ఆ నమూనాలు వేటిలోనూ జాతిని కదిలించగల శక్తి తనకు కనిపించలేదని తరువాత వ్రాశాడు. కఠినమైన మాటే. కాని న్యాయంగా చూస్తే, లోపం గీతలో లేదు. ఆ నమూనాలు చూడగానే ఇది నాది అని ఒక రైతుకో నేతగానికో అనిపించే గుర్తు వాటిలో లేదు. ఆ గుర్తు మరొక చోటు నుండి వచ్చింది. జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ జెండా మీద రాట్నం ఉండాలని సూచించాడు.

బెజవాడలో మూడు గంటలు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమయింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు అన్న కార్యక్రమం అక్కడే నిర్ణయమయింది. రాట్నం అప్పటికి ప్రతి ఊరి మాటలోనూ ఉంది. గాంధీజీ వెంకయ్యను పిలిచి ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేటట్లు ఒక నమూనా గీయమన్నాడు. వెంకయ్య మూడు గంటలలో గీసి తెచ్చాడు. బెజవాడలో విక్టోరియా జూబిలీ మ్యూజియంగా ఉండి తరువాత బాపు మ్యూజియంగా పేరు మారిన భవనాన్ని ఈ ఘట్టానికి వేదికగా చెబుతారు.

నమూనా అందేసరికి సమావేశం ముందు పెట్టే సమయం దాటిపోయింది. ఆ ఆలస్యమే మంచిదయిందని గాంధీజీ తరువాత భావించాడు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు అనుకుంటే మిగిలిన మతాలవారి మాటేమిటన్న ఆలోచన ఆయనకు వచ్చింది. వారందరి కొరకు తెలుపు చేర్చమన్నాడు. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, క్రింద ఎరుపు, మూడింటి మీదుగా రాట్నం. సంఖ్యలో తక్కువవారు పైన, ఎక్కువవారు క్రింద అన్నది ఆ వరుసలోని భావం. 1921 ఏప్రిల్ 13న యంగ్ ఇండియా పత్రికలో గాంధీజీ ఈ కథంతా వెంకయ్య పేరుతో సహా ప్రకటించాడు. జెండా చరిత్రలో వెంకయ్య పాత్రకు ఇంతకంటె బలమైన సాక్ష్యం మరొకటి అక్కరలేదు.

మూడు గంటలలో గీశాడన్నది అద్భుతంగా చెప్పుకునే విషయం. అయితే ఆ మూడు గంటల వెనుక కనీసం అయిదేళ్ళ పుస్తకం, అంతకు ముందరి సేకరణ ఉన్నాయి. పత్తి మొక్కలను ఏరిన మనిషి, ఖద్దరు ఉద్యమ కాలంలో, రాట్నం బొమ్మ గీశాడు. ఆయనకు రాట్నం బొమ్మ మాత్రమే కాదు, దాని మీద వడికే దూది కూడా తెలుసు.

ఈ జెండాను కాంగ్రెసు లాంఛనంగా ఆమోదించక ముందే జనం ఆమోదించారు. 1923లో నాగపూరులో జెండాతో ఊరేగింపుగా పోవడాన్ని ప్రభుత్వం నిషేధిస్తే దేశం నలుమూలల నుండి సత్యాగ్రహులు వచ్చి జైళ్ళకు వెళ్ళారు.

రాట్నము నుండి చక్రమునకు

రంగులకు మతాలను అంటగట్టడం క్రమంగా చిక్కులు తెచ్చింది. సిక్కులు తమ రంగునూ చేర్చాలని కోరారు. 1931 ఏప్రిల్‌లో కరాచీలో కాంగ్రెసు ఏడుగురితో ఒక సంఘాన్ని నియమించింది. దాని సంచాలకుడు పట్టాభి సీతారామయ్య, అంటే వెంకయ్య పాఠాలు చెప్పిన కళాశాల స్థాపకులలో ఒకడు. ఒక మూల రాట్నంతో మొత్తం జెండా కాషాయ రంగులో ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. 1931 ఆగష్టులో బొంబాయిలో కాంగ్రెసు సంఘం దానిని త్రోసిపుచ్చి, పైన కాషాయం, నడుమ తెలుపు, క్రింద ఆకుపచ్చ, తెలుపు మీద నీలి రాట్నం గల జెండాను ఆమోదించింది. రంగులకు మతాలతో సంబంధం లేదని స్పష్టం చేసింది. కాషాయం ధైర్య త్యాగాలకు, తెలుపు సత్య శాంతులకు, ఆకుపచ్చ విశ్వాస శౌర్యాలకు గుర్తులని ప్రకటించింది.

1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇదే త్రివర్ణాన్ని స్వీకరిస్తూ రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రాన్ని నిలిపింది. ఈ మార్పు గాంధీజీకి మొదట నచ్చలేదు. మార్పుకు నెహ్రూ చెప్పిన కారణాలలో ఒకటి పూర్తిగా రూపకల్పనకు చెందినది. జెండాను రెండు వైపుల నుండీ చూస్తారు. రాట్నానికి ఒక పక్క చక్రం, మరొక పక్క కదురు ఉంటాయి. కాబట్టి వెనుక నుండి చూస్తే బొమ్మ తారుమారవుతుంది. చక్రానికి ఆ ఇబ్బంది లేదు.

జెండా రూపకల్పన సూత్రాలు

1906 నుండి 1947 వరకు జరిగిన మార్పులను వరుసగా పరిశీలిస్తే దృశ్య రూపకల్పనలోని మూల సూత్రాలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఈనాడు కంప్యూటరు, మొబైలు ఫోను తెరల రూపకల్పన, అంటే గ్రాఫికల్ యూజర్ ఇంటర్‌ఫేస్ డిజైన్, నేర్చుకునే విద్యార్థులకు కూడా ఇవే బోధిస్తారు. జెండాకూ ఫోను తెర మీది ఐకానుకూ పని ఒక్కటే. చదువురాని వాడికి కూడా క్షణంలో, దూరం నుండి, పొరపాటు లేకుండా అర్థం కావడం.

మొదటిది రంగుల మధ్య తేడా. 1921 నాటి జెండాలో ఆకుపచ్చ, ఎరుపు పట్టీలు ఒకదానికొకటి ఆనుకొని ఉండేవి. రంగులుగా ఇవి వేరయినా వెలుగులో దాదాపు సమానం. ఆనాటి నలుపు-తెలుపు ఫోటోలలో రెండూ ఒకేలాంటి బూడిద రంగు పట్టీలయ్యేవి. పైగా పురుషులలో కొద్ది శాతం మందికి పుట్టుకతోనే ఎరుపు ఆకుపచ్చల భేదం సరిగా తెలియదు. 1931లో తెలుపు నడిమికి రావడంతో ఈ సమస్య తీరింది. బొంబాయిలో ఆ మార్పు చేసినవారు వేరే కారణాలతో చేసి ఉండవచ్చు, కాని ఫలితం మాత్రం కంటికి మేలు చేసింది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణాల ప్రకారం తెర మీద సాధారణ అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. కంప్యూటరులో వాడే నేవీ నీలం తెలుపు మీద పడితే ఈ నిష్పత్తి సుమారు 16. తెల్లని పట్టీ మీద నీలి చక్రం అంత స్పష్టంగా కనబడటానికి కారణం ఇదే. అదే చక్రాన్ని ఆకుపచ్చ మీద పెడితే చాలా వరకు కలిసిపోతుంది.

రెండవది పరిమాణం. భారత ప్రమాణాల సంస్థ జెండాకు తొమ్మిది కొలతలు నిర్ణయించింది. అన్నిటికంటె పెద్దది 6,300 మిల్లీమీటర్ల పొడవు, 4,200 మిల్లీమీటర్ల వెడల్పు. అన్నిటికంటె చిన్నది బల్ల మీద పెట్టుకొనే జెండా, 150 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు. అన్నిటిలోనూ పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలోనే ఉంటాయి. కోట మీది జెండా, బల్ల మీది జెండా ఒకటే అని తెలియాలి. ఎనిమిది తామరలు, సూర్యుడు, అక్షరాలు ఉన్న జెండాను అరచేతి ప్రమాణానికి తగ్గిస్తే ఏమి మిగులుతుందో గీసి చూస్తే తెలుస్తుంది. రాట్నం కూడా చిన్నది చేస్తే గీతల గజిబిజిగా మారుతుంది. చక్రం మారదు. బడిలో పిల్లల చేత జెండా గీయించిన ఉపాధ్యాయులకు ఇంకొక సంగతి తెలుసు. రాట్నం అందరికీ రాదు. చక్రానికయితే వృత్తలేఖిని, కోణమానిని చాలు. 360 డిగ్రీలను 24తో భాగిస్తే ఒక్కొక్క ఆకుకు 15 డిగ్రీలు వస్తుంది.

మూడవది పరిచితమైన గుర్తు. నాలుగేళ్ళు తిరిగినా 30 నమూనాలకు దొరకని ఆదరణ రాట్నం ఉన్న ఒక్క నమూనాకు దొరికింది. కొత్త విషయాన్ని పాత వస్తువు రూపంలో చూపితే మనిషి తడబడడు. 1981లో జిరాక్స్ సంస్థ స్టార్ అనే కంప్యూటరును, 1984లో ఆపిల్ సంస్థ మెకింటాష్‌ను విడుదల చేసినప్పుడు వాటి రూపకర్తలు ఈ సూత్రాన్నే అనుసరించారు. తెర మీద కాగితం, ఫోల్డరు, చెత్తబుట్ట బొమ్మలు పెట్టారు. మెకింటాష్ బొమ్మలు గీసిన సుజాన్ కేర్ గళ్ళ కాగితం మీద అడ్డం 32, నిలువు 32 గళ్ళలో ఒక్కొక్క గడిని నింపుతూ వాటిని రూపొందించింది. అంత చిన్న చోటులో అనవసరమైనది ఏదీ ఇమడదు.

అయితే రాట్నం విషయంలో రెండు సూత్రాలు ఒకదానితో ఒకటి తగవులాడాయి. జనానికి పరిచయమన్న లెక్కలో రాట్నం గొప్పది, గీతలో సౌలభ్యం అన్న లెక్కలో చక్రం గొప్పది. 1921లో మొదటిది కావాలి, ఎందుకంటే జెండా ఏదో జనానికి ఇంకా తెలియదు. 1947 నాటికి మూడు రంగులే గుర్తుగా స్థిరపడ్డాయి. కాబట్టి రాట్నాన్ని తొలగించినా జెండా పోల్చుకోలేకపోయినవారు లేరు. ముందే చక్రం పెట్టి ఉంటే అది ఇంతగా హత్తుకొని ఉండేది కాదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నాలుగవది, వాడేవారి మాట వినడం. వెంకయ్య తన 30 నమూనాలలో ఏదో ఒకటే ఉండాలని పట్టుబట్టలేదు. జలంధరు నుండి ఒకరి సూచన, సబర్మతి నుండి మరొకరి సవరణ, తరువాత సంఘాల తీర్మానాలు వచ్చాయి. నమూనా ప్రతిసారీ మారింది. ఆయన ప్రతి మార్పుకూ చోటిచ్చాడు.

రూపకర్త ఎవరు?

నేటి జెండాను పూర్తిగా వెంకయ్యే గీశాడని కొందరు, ఆయనకు దానితో సంబంధం లేదని కొందరు వ్రాస్తుంటారు. 1947 నాటి తుది రూపానికి వేరే పేర్లు సూచించినవారు కూడా ఉన్నారు. వివాదం పేర్ల మీద నడుస్తుంది గాని దశలను విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. 1916 పుస్తకం, 1921 నమూనా వెంకయ్యవి. రాట్నం ఆలోచన హంసరాజ్‌ది. తెలుపు చేర్చినది గాంధీజీ. రంగుల వరుస, అర్థం 1931 నాటి కాంగ్రెసు సంఘానివి. చక్రం 1947 నాటి రాజ్యాంగ సభది. మూడు అడ్డ పట్టీల మీద ఒక గుండ్రని గుర్తు అన్న మూల నిర్మాణం మాత్రం బెజవాడ నుండి ఢిల్లీ దాకా మారకుండా వచ్చింది.

చివరి రోజులు

1920 తరువాత వెంకయ్య దృష్టి ఖనిజాల వైపు మళ్ళింది. చాలా కాలం నెల్లూరు ప్రాంతంలో ఉండి అభ్రకం మీద పరిశోధన చేశాడు. వజ్రాల గనుల గురించి ఆయనకున్న పరిజ్ఞానం వలన డైమండ్ వెంకయ్య అయ్యాడు. రాళ్ళను గురించి తల్లిరాయి అనే పుస్తకం వ్రాశాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కొంతకాలం ప్రభుత్వానికి ఖనిజ పరిశోధనలో సలహాదారుగా ఉన్నాడు.

జెండా ఎర్రకోట మీద ఎగిరింది. దాన్ని గీసిన మనిషి విజయవాడ చిట్టినగరులో, మాజీ సైనికుడిగా తనకు లభించిన స్థలంలో గుడిసె వేసుకొని పేదరికంలో బ్రతికాడు. పతాకం పేరు చెప్పి ఆయన ఎవరినీ ఏమీ అడిగిన దాఖలాలు లేవు. 1963 జనవరిలో విజయవాడ పౌరులు కొందరు ఆయనను సన్మానించి కొంత నిధి అందజేశారు. ఆ సంవత్సరమే జూలై 4న ఆయన మరణించాడు. తన భౌతికకాయం మీద త్రివర్ణ పతాకం కప్పి, శ్మశానానికి చేరాక దానిని తీసి అక్కడి చెట్టుకు కట్టమని కోరాడని, అలాగే చేశారని చెబుతారు.

గుర్తింపు

ఆయన మరణించిన 46 సంవత్సరాలకు, 2009లో, భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. హైదరాబాదు ట్యాంకుబండు మీద ఆయన విగ్రహం ఉంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రాంగణంలో మరొకటి ఉంది. 2022లో, ఆయన 146వ జయంతి సందర్భంగా ఢిల్లీలో మరొక స్మారక తపాలా బిళ్ళ వెలువడింది. ఆ ఆగష్టులోనే ఇంటింటా జెండా కార్యక్రమం దేశమంతటా జరిగింది. అంతకు ముందు 2021 డిసెంబరు 30న పతాక నియమావళిని సవరించి, చేతితో వడికిన, నేసిన జెండాలతో పాటు యంత్రాల మీద తయారైన జెండాలనూ పాలిస్టరు జెండాలనూ అనుమతించారు. ఆగష్టు 2న భట్లపెనుమర్రులో, నడిగూడెంలో ఆయనను స్మరించుకుంటారు.